మూడా, ఎనిమిదా?

ఒక పెద్ద అడవిలో కాపురాలన్నీ ఏటికి ఈ గట్టున, తిండంతా ఆ గట్టున ఉండేవి. పొద్దున లేస్తే ఎవరికైనా ఒకటే దిగులు, ఇవాళ ఏరు ఎంత లోతుందో అని.

ఆ దిగులు తీర్చడానికే అడవి సభ వాళ్లు సెల్లులో చూసుకునేలా లెక్కల సైటు పెట్టారు. నిన్నటి నీళ్లెన్ని, కొండ మీద వాన ఎంత, ఎండ తాగింది ఎంత, అన్నీ కూడి, తీసేసి, కింద జవాబు వేస్తుంది. మూడు బెత్తెలని వేసిందా, పొట్ట తడుస్తుంది, అంతే. ఎనిమిదని వేసిందా, ఇంట్లో కూర్చోవాల్సిందే. దిగితే తల మునుగుతుంది. లెక్క మాత్రం ఏనాడూ తప్పలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి.

వచ్చిన చిక్కల్లా అంకెలతోనే. చీమ తలకాయంత అంకెలు. మూడుని, ఎనిమిదిని పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఏదుపంది పోలయ్య మూడనుకుని దిగాడు. అది ఎనిమిది.

పెళ్లాం గున్నమ్మ గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది. దిగేముందు వెనక్కి తిరిగి, "రెండు గడ్డలు ఎక్కువ తెస్తాలే, నీకిష్టం గదా" అన్నాడు. అదే ఆఖరి మాట.

గున్నమ్మకి చదువు రాదు. పోలయ్యే బురదలో గీసి, పక్కన ముళ్లు గుచ్చి, పది అంకెలు నేర్పాడు. ఎనిమిది దగ్గర ఎప్పుడూ తడబడేది. "ఒసే పిచ్చిదానా, రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే ఎనిమిదే" అని నవ్వేవాడు. చదివి చెప్పేవాడు పోయాడు. గడ్డలు ఆ గట్టునే ఉన్నాయి, ఆకలి ఈ గట్టునే ఉంది. మొగుడు పోయాడని ఆకలి ఊరుకుంటుందా?

పదకొండో రోజు వెళ్లిన మర్నాడే సభ ఆఫీసుకి వెళ్లింది. అక్కడ సెక్రటరీ నక్క.

"నక్కబాబూ, ఆ అంకెలు కాస్త పెద్దవి చేయించు. మూడు మూడులాగా, ఎనిమిది ఎనిమిదిలాగా కనబడాలి. నేను రోజూ దిగాలి గదా ఇక."

నక్క చాలా బాధపడింది. బాధపడటం దాని ఉద్యోగంలో భాగం.

"అయ్యో గున్నమ్మా, ఎంత మాట! కమిటీ వేసేద్దాం."

వేశారు. కళ్లకి సంబంధించిన సంగతి గనక, అడవి మొత్తంలో మంచి చూపున్న గద్దగారిని ఛైర్మన్ చేశారు. అందం చూడ్డానికి నెమలి. చూపు మందమైన ఎలుగుబంటి, నేనూ ఉంటానని వచ్చింది.

"కనబడనివాళ్లకి కళ్ల కమిటీలో ఏం పనే?" అని నక్క దానికి టీ ఇచ్చి పంపేసింది.

గద్దగారు పనిలోకి దిగారు. దిగారంటే, ఎక్కారు. కొండ కొమ్మున కూర్చుని, కింద లోయలో కోతి పట్టుకున్న సెల్లులోకి చూశారు.

"ఏంటయ్యా ఇంత లావు అంకెలు? కళ్లల్లో గుచ్చుకుంటున్నాయి. సగానికి తగ్గించండి."

"నేనూ అదే అనుకుంటున్నానండీ" అంది నెమలి. "పైగా బోసిగా ఉన్నాయి. అక్షరాల తీరుని ఫాంటు అంటారండీ, అది చూస్తేనే లెక్క మీద గౌరవం పుట్టాలి. ఒక్కో అంకెకీ ఒక్కో తోక తగిలిస్తా."

"మూడుకి?"

"మూడుకి రెండు తోకలండీ. పైనొకటి, కిందొకటి. రెండూ వంగి వెనక్కొచ్చి నడుముని తాకుతాయి. ఎంత హొయలో చూడండి!"

"మరి ఎనిమిదికి?"

"దానికి నేనేమీ చెయ్యక్కర్లేదండీ. పుట్టుకతోనే అందగత్తె."

గద్దగారు కొండ మీంచే రెండూ చూసి, "బాగా తేడా తెలుస్తోంది" అన్నారు. ఆయనకి తెలుస్తుంది మరి.

అయినా న్యాయం న్యాయమే గదా, నలుగురినీ అడగాలి. నక్క సైటులో నోటీసు పెట్టింది. కొత్త అక్షరాలు చదవలేనివాళ్లు బేస్తవారం పొద్దున ఇప్పచెట్టు కిందికి వచ్చి చెప్పుకోవాలని. పెట్టింది కొత్త అక్షరాల్లోనే.

బేస్తవారం వచ్చింది. చెట్టు కింద ఈగ లేదు.

"చదవలేనివాళ్లు ఎంతమంది వచ్చారు?" అన్నారు గద్దగారు.

"ఒక్కరూ రాలేదండీ."

"అంటే అందరూ చదవగలుగుతున్నారు. రాసుకో."

నక్క రాసుకుంటుండగా గున్నమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఆగండి బాబూ, ఆగండి! నాకు కనబడటంలేదు. అసలు మునుపే నయం."

నక్క కలం ఆపింది. "నోటీసు చదివే వచ్చావా గున్నమ్మా?"

"లేదు బాబూ. కుందేలు కోడలు చెప్పింది."

"అట్లయితే నువ్వు నోటీసు ప్రకారం రాలేదు. నీ మాట చెల్లదు."

"పోనీ, చదివే వచ్చాననుకో."

"చదివావా? అయితే కనబడుతున్నట్టేగా. ఇంక గొడవేముంది?"

గున్నమ్మ ఒక అడుగు ముందుకేసింది. "నా మొగుడు పోయాడయ్యా" అంది మెల్లగా.

"అది మాకు తెలుసు. అందుకేగా కమిటీ వేసింది" అంది నక్క. గద్దగారు ఒక్క నిమిషం మౌనం పాటించారు. నెమలి తోక దించింది. మళ్లీ ఎత్తింది.

గున్నమ్మ ఇంటికి పోలేదు. ఏటి రేవుకి పోయింది. రేవులో గట్టునానుకుని నిలువునా పాతుకుపోయిన మద్ది మొద్దు ఒకటుంది. నీళ్లు బాగా తగ్గిన పూటలు చూసుకుని, అడుగు నుంచి బెత్తెడుకొక గీత చొప్పున పళ్లతో కొరికింది. ప్రతి గీత పక్కన అంకె చెక్కింది, పంజా అంత లావున. నాలుగు రోజులు పట్టింది, ఆకులు నమిలి గడిపింది. పళ్లు అరిగిపోయాయి. ఎనిమిది దగ్గర ఆగి, రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టింది. వేలితో తడిమి చూసుకుంది.

నీళ్లు ఏ గీత దగ్గరుంటే అదే లోతు. చూపు మందమైన ఎలుగుబంటి కూడా గట్టు మీంచి చదివేసింది. అడవంతా ఒకళ్లకొకళ్లు చెప్పుకుని, సెల్లులు మూసి మొద్దు వంక చూడటం మొదలెట్టారు.

ఈలోగా కొత్త అక్షరాలకి ప్రారంభోత్సవం పెట్టారు. సైటు చూసుకుని అందరికంటే ముందు సెక్రటరీగారే ఏరు దాటాలని నిర్ణయం. మెళ్లో దండతో నక్క రేవులోకి వచ్చి సెల్లు ఎత్తి చూసింది. ఎండ. కళ్లు చికిలించింది.

"మూడు బెత్తెలు!"

"బాబూ, నీళ్లు ఎనిమిదో గీత మీదున్నాయి" అని గున్నమ్మ గట్టు మీంచి అరిచింది. "మొద్దు చూడు!"

"మొద్దు మన కమిటీ పాస్ చేసింది కాదు" అని నక్క అడుగేసింది.

ఒక్క అడుగే. రెండో అడుగు ఏరే వేయించింది. దండ ఒకవైపు, నక్క ఒకవైపు. నెమలి కేకలు పెడుతూ చెట్టెక్కింది. గున్నమ్మ వెనక్కి జరిగింది. అదే రేవు, అవే నీళ్లు. మళ్లీ ఏమనుకుందో, మొద్దుని కావిలించుకుని వీపు నీళ్లవైపు తిప్పింది.

"పట్టుకో!"

"ముళ్లే!"

"పూలదండ పట్టుకుంటే తేలతావేమిటి? పట్టుకో వెధవా!"

పట్టుకుంది. రక్తం కారే చేతులతో గట్టెక్కి, నీళ్లు కక్కి, పైకి చూసింది. గద్దగారు తిరుగుతున్నారు.

"ఎనిమిదని నాకు బాగానే కనబడింది" అన్నారాయన.

"మరి చెప్పలేదేమండీ?"

"నన్నెవరడిగారు?"

విచారణ జరిగింది. అక్షరాల తప్పేమీ లేదని తేలింది. మొద్దు వంక చూడటం వల్ల జనానికి సైటు చదివే అలవాటు తప్పిందనీ, మొద్దు మీద అంకెలు ఒప్పుకున్న ఫాంటులో లేవనీ తేలింది. మొద్దుని వారంలోగా ఏనుగు పీకెయ్యాలని ఉత్తరువు ఇచ్చారు. సైటులోనే పెట్టారు, ఒప్పుకున్న అక్షరాల్లోనే.

వారం గడిచాక ఏనుగు రేవుకి వచ్చింది. ఉత్తరువు సంగతి విచారణలోనే విన్న గున్నమ్మ మొద్దుకి అడ్డంగా నిలబడింది, ముళ్లన్నీ లేపి.

"ఏనుగు దొరా, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు."

"దీన్నెందుకు ముట్టుకుంటా?" అంది ఏనుగు సెల్లు చాపి. "నాకేదో ఉత్తరువు వచ్చింది. ఏముందో తెలిసి చావటంలేదు. తోకలు మాత్రం చాలా బావున్నాయి. నీకేమైనా తెలుస్తోందా?"

గున్నమ్మ సెల్లు దగ్గరికి తీసుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏం తెలియటంలేదు దొరా."

"అంత పనుంటే కనబడేలా రాసేవాళ్లుగా. పోనీలే" అని ఏనుగు మొద్దు వంక చూసి, మూడని చదువుకుని, ఏరు దాటి పోయింది.

గున్నమ్మ గీత దగ్గర వేలు పెట్టి, "మూడు" అని పైకే అంది. తప్పు చెబితే నవ్వేవాళ్లెవరూ లేరు. ఒప్పే చెప్పింది. నీళ్లలో దిగింది. పొట్టే తడిసింది.

నీతి ఏంటంటే, సర్కారు వారి అక్షరం కనబడకపోతే కంగారు పడొద్దు, ఒక్కోసారి అదే మన ప్రాణం కాపాడుతుంది.