పెద్దమ్మ లేని ఫ్యామిలీ ఫోటో

ఆ రోజు పొద్దున్న అనుకున్నది చాలా చిన్న పని. పదింటికి స్టూడియోకు వెళ్లి, అమ్మా నాన్నా కూతురూ వరుసగా నిలబడి ఫ్యామిలీ ఫోటో దిగి రావడం, అంతే. పెద్దమ్మ ఇంటి దగ్గర ఉంటుంది. ఎప్పుడూ అంతే మరి. ఆ ఇంటి నాన్న ఊరందరి తాళాలూ బాగుచేస్తాడు గానీ, సొంత వీధి తలుపు తాళం పాడై తొమ్మిదేళ్లయినా దాని ముఖం చూడలేదు. అందుకని ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఒకరు పెద్దమ్మే.

పెద్దమ్మంటే చుట్టం కాదు. పాప పుట్టినప్పుడు పది రోజులు వండిపెట్టి వెళ్తానని వచ్చి, ఆ పది రోజులూ ఇంకా పూర్తికాక పదకొండేళ్లుగా ఉండిపోయిన మనిషి.

"నాన్నా, పెద్దమ్మ కూడా రావాలి," అంది పాప, జడ వేయించుకుంటూ.

"ఫ్యామిలీ ఫోటో కదే తల్లీ! మనం ముగ్గురమే."

"ఫ్యామిలీ అన్న మాట ఎక్కడ పుట్టిందో తెలుసా నాన్నా నీకు? వెనకటికి లాటిన్ భాషలో ఇంట్లో పనిచేసేవాళ్లని పిలిచే మాట నుంచి వచ్చిందట. తర్వాత ఒకే కప్పు కింద ఉన్నవాళ్లందరికీ అదే మాటట. మా టీచరు చెప్పింది."

"అయితే ఇస్త్రీ ఆయన్నీ, మేడమీద టైలర్నీ కూడా పిలుచుకురా!" అని వేళాకోళమాడి, నాన్న గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు.

పిల్లకు వేళాకోళం ఏం తెలుస్తుంది? అప్పటికే చెప్పులేసుకుంది.

స్టూడియోకు చేరేసరికి పద్నాలుగు మంది తేలారు. ఇస్త్రీ ఆయన భార్యనీ అత్తగారినీ వెంటబెట్టుకొచ్చాడు. టైలరు ఇద్దరు తమ్ముళ్లతో, వాళ్ల పిల్లలతో దిగాడు. అందరి తలలూ నున్నగా దువ్వి ఉన్నాయి.

"అయ్యా, మీవాళ్లెవరో కాస్త విడిగా నిలబడండి," అన్నాడు ఫోటోగ్రాఫరు. ఒక్కరూ కదల్లేదు.

నాన్న ఇస్త్రీ ఆయన్ని పక్కకు పిలిచాడు. "చూడన్నా..." అని మొదలుపెట్టి మాట మింగేశాడు. పాప పుట్టేటప్పుడు నొప్పులొచ్చిన తన ఇల్లాలిని ఈ మనిషే ఇస్త్రీ బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తోశాడు. పోనీ టైలరుకు చెబుదామంటే, తన చొక్కా గుండీ పొద్దున్నే కుట్టిచ్చింది అతనే.

"సరేలెండి, అందరూ దగ్గరికి జరగండి," అన్నాడు నాన్న.

"పెద్దమ్మేదీ?" అంది పాప.

అందరూ అందరి ముఖాలూ చూశారు. ఎవరు పిలిచినా ఆవిడ "మీరు పదండి, వెనకే వస్తా" అందట. ప్రతివాళ్లూ ఇంకొకళ్లతో వస్తుందనుకున్నారు. పాప నేలమీద చతికిలబడింది. "పెద్దమ్మ లేకపోతే నేను దిగను," అంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

నాన్న కెమెరా స్టాండు భుజానికెత్తుకున్నాడు. "పదండి, ఇంటికే పోదాం."

గుంపును చూసి పెద్దమ్మ గుమ్మంలోనే అందుకుంది. "ఇంతమంది వస్తున్నారని ఒక్క మాట చెప్పొద్దూ! పాలెక్కడివి టీకి?"

"టీ వద్దు పెద్దమ్మా, ఫోటోకి రా," అన్నాడు నాన్న.

"నేనెందుకురా? ఇంటివాళ్లుండాలి గానీ."

నాన్న కుర్చీ తెచ్చి మధ్యలో వేశాడు. "నువ్వు కూర్చోకపోతే ఇక్కడ ఇంటివాళ్లెవరూ లేరు."

ఆవిడ తడిలేని చేతుల్ని కొంగుకు చాలాసేపు తుడుచుకుంది. తర్వాత కూర్చుంది. కూర్చున్నాక ఇక ఊరుకుంటుందా?

"టైలరూ, మెడ నిటారుగా పెట్టు. బాబూ, నీ భుజం పాప ముఖానికి అడ్డమొస్తోంది. జరుగు. ఇంకాస్త. ఇంకాస్త జరగవయ్యా!"

నాన్న జరిగాడు. ఆవిడ మాట ఏనాడు కాదన్నాడు గనక?

ఫోటో దివ్యంగా వచ్చింది. నడుమ పెద్దమ్మ నవ్వుతోంది, ఒళ్లో పాప, చుట్టూ అంతా. ఇంటి యజమాని మోచేయి కూడా ఓ అంచున చాలా స్పష్టంగా పడింది.