టోపీ ఉన్న స్తంభం

ఆ శనివారం ఉదయం ఫలనీకో పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. సిడ్నీ శివార్లలోని మింటోలో ఇంటి ముందు కారెక్కాలి. పెద్దరోడ్డు పట్టుకుని, ప్రెస్టన్స్ దగ్గర ఎడమకి తిరిగి ఎం సెవెన్ హైవే మీదికి రావాలి. ప్లంప్టన్‌లో చర్చి ముందు దిగాలి. ముప్పావుగంట దారి. వెనక సీట్లో పెళ్ళికూతురు లుపే, ఆమె పక్కన ఫలనీకో తల్లి మసీనా. తండ్రి లేని లుపేని పెంచింది మేనమామ ఫలనీకోనే కాబట్టి, చర్చిలోకి చెయ్యి పట్టుకుని నడిపించేది కూడా ఆయనే.

తొందరపడడానికి కారణం ఒక్కటే, పాస్టర్ ఎలీసాలా. పదకొండంటే ఆయనకి పదకొండే. కిందటేడు ఒక పెళ్ళికొడుకు కొంచెం ఆలస్యంగా వచ్చేసరికి, ఈయన వచ్చినవాళ్ళ చేత ఒక కీర్తన పాడించి, దీపాలార్పించి, ఎం సెవెన్ అవతలి కొసనున్న లివర్‌పూల్‌లో తన ఇంటికి వెళ్ళిపోయాడు. పైగా మర్నాడే ఆయనకి సముద్రం అవతల, వాళ్ళందరి సొంత దేశంలోని అపియాకి ప్రయాణం. మళ్ళీ వచ్చేది క్రిస్మస్‌కి. పెళ్ళికొడుకు మనాసే అప్పటిదాకా ఆగగలడు. తొంభైకి దగ్గరపడ్డ మసీనా ఆగగలదో లేదో ఎవరూ పైకి అనలేదు.

ఫలనీకో ఆ కుటుంబానికి మటాయి, అంటే పెద్ద. పెద్దాయన కారు ముందు పోతుంటే దాన్ని దాటి పోయేవాడు ఆ వంశంలో ఇంకా పుట్టలేదు. వెనక నుంచి హారన్ కొట్టినా దాటినంత తప్పే. అదీగాక ఎం సెవెన్ వేసినవాళ్ళలో ఆయనొకడు. ఎండలో నిలబడి దానికి కాంక్రీటు పోశాడు. అలాంటివాడికి దారి ఎవరు చెప్తారు? చెప్పే మనిషి ఒక్కతే ఉంది, భార్య ఫెతూ. ఆవిడ ఇరవయ్యేళ్ళుగా ఆయన పక్క సీట్లో కూర్చుని, ప్రెస్టన్స్ రాగానే చేతిలో అల్లిక ఆపకుండా "ఎడమకి" అంటుంది. ఆయన తిరుగుతాడు. దారి తనకే తెలుసనుకుంటాడు.

ఆ రోజు ఫెతూ ఆ సీట్లో కూర్చోలేదు. కొడుకు పెనీ నడిపే ట్రక్కుకి వెనక ట్రెయిలర్ తగిలించారు. అందులో వేడిరాళ్ళ మీద కాల్చిన పంది అరిటాకుల కింద పడుకుని ఉంది. దాని చుట్టూ దాంతోపాటే కాల్చిన, మనిషి తలంత చేమదుంపలు, బుట్టలనిండా.

"వీడి చేతిలో పెడితే చర్చి చేరేసరికి పందికి చెవులుండవు. నేను ట్రక్కులో వస్తా" అంది ఫెతూ.

"మరి నా పక్క సీటు ఖాళీగా ఉంటుందే" అన్నాడు ఫలనీకో.

"నీ టోపీ పెట్టుకో దాన్లో."

కార్లన్నిటికీ తెల్ల రిబ్బన్లు కట్టారు. ముందు ఫలనీకో, ఆయన వెనక తమ్ముడి వరసైన లెమెకీ, ఆ వెనక మిగతా బంధుబలగం, అందరికన్నా చివర పెనీ ట్రక్కు. మసీనా చిన్న ప్రార్థన చేసింది. బయల్దేరారు.

ప్రెస్టన్స్ దగ్గర రోడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతుంటాయి. అక్కడి స్తంభాల్లో ఒకటంటే ఫలనీకోకి సొంత పిల్లాడంత ప్రేమ.

"అమ్మా, అదిగో చూడు, నా స్తంభం."

"చూశాన్రా. నీ టోపీ ఉంది దాన్లో" అంది మసీనా.

"కాంక్రీటు పోస్తుంటే గాలికి ఎగిరి పడింది. దిగి తెచ్చుకుంటానంటే మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? దిగు, నిన్నూ కలిపి పోసేస్తా అన్నాడు."

"పోసుంటే ఈ కథ ఇన్నిసార్లు వినే బాధ తప్పేది."

లుపే నవ్వింది. ఫలనీకో కూడా నవ్వుతూ, స్తంభం వెనక్కి పోయేదాకా మెడ తిప్పి చూశాడు. తిరిగి ముందుకి చూసేసరికి కారులో ఏదో లోటుగా అనిపించింది. ఆ లోటేమిటో ఆయనకి వెంటనే అందలేదు. అందేసరికి ఎడమ మలుపు దాటిపోయింది. ఎదురుగా పచ్చటి బోర్డు మీద విమానం బొమ్మ కనిపించింది.

లుపేకి తెలిసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. పెళ్ళినాడు, ఆయన కన్నతల్లి ముందే, ఆ మనిషికి దారి తప్పావని చెప్పడం తన వల్ల కాదు. ఫలనీకో అద్దంలో వెనక్కి చూశాడు. రిబ్బన్లు కట్టిన కార్లన్నీ బుద్ధిగా తన వెంటే వస్తున్నాయి.

లెమెకీ కారులో మాటలు మొదలయ్యాయి.

"ఏంటి, మీ అన్నయ్య ఎయిర్‌పోర్టు దారి పట్టాడు?" అంది లెమెకీ భార్య.

"పట్టాడంటే పనుంటుంది."

"పెళ్ళినాడు ఎయిర్‌పోర్టులో పనేంటి?"

"ఎవరో దిగుతున్నారన్నమాట. నువ్వు నోరు మూసుకో. చెప్పాలనుకుంటే ఆయనే చెప్తాడు."

ఆవిడ నోరు మూసుకుని వెనక కారుకి ఫోన్ చేసింది. ఆ కారులోవాళ్ళకి దిగేవాడు అపియా నుంచి వస్తున్నాడని తోచింది. ఇంకో కారు వెనక్కి పోయేసరికి వచ్చేది మామూలు మనిషి కాదు, సొంతూళ్ళో అందరికన్నా పెద్ద మటాయి అని తేలింది. ఆఖరి కారులో ఉన్నావిడ ఆలస్యం చెయ్యకుండా చర్చికి ఫోన్ చేసి, అక్కడ ఏర్పాట్లు చూస్తున్న లుపే తల్లి లీతియాతో చెప్పింది. "మీ అన్నయ్య ఎంత గుట్టు మనిషే! నీకు కూడా చెప్పలేదా?"

లీతియా చేతిలో పూలు కిందపడ్డాయి. పరుగెత్తి పాస్టర్ గదిలోంచి ఎత్తు వీపు కుర్చీ తెప్పించింది. పెళ్ళికానుకగా ఇవ్వాల్సిన సన్నని నేత చాప విప్పి దాని కింద పరిచింది. పాటబృందాన్ని పిలిచి, పెళ్ళిపాట తరవాత, ముందు స్వాగతం పాట అంది.

ఈలోగా చివరి ట్రక్కులో ఫెతూ మలుపు చూసింది. మొగుడి కారు మలుపు దాటిపోవడమూ చూసింది.

"నేను పక్కన లేకపోతే ఇంతే! ఎడమకి!" అంది.

"అమ్మా, నాన్న కారు అటు పోయింది."

"పోనీ! మనమైనా ముందు పోయి పాస్టర్ని పట్టుకుందాం. ఎడమకి అన్నానా!"

తండ్రిని ఇరవయ్యేళ్ళుగా తిప్పిన గొంతు అది. పెనీ చేతులు వాటంతటవే తిరిగాయి. ట్రక్కు మలుపు తిరిగింది, ట్రెయిలర్ కూడా దాని వెంట తిరిగింది. వెనక తలుపు గొళ్ళెం మాత్రం ఊడి వచ్చింది. ఎం సెవెన్ ఎక్కిన కాసేపటికి పెనీ అద్దంలో చూస్తే, చేమదుంపలు రోడ్డు నిండా పరుచుకుని దొర్లుకుంటూ వస్తున్నాయి. వాటి వెనక కార్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పంది బరువైనది కాబట్టి కదల్లేదు.

పోలీసులొచ్చి రోడ్డు మూసేశారు.

ఈ సంగతి ముందు కారులో ఎవరికీ తెలియదు. ఫలనీకో రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఎక్కడో ఒకచోట వెనక్కి తిరిగే దారి దొరుకుతుందని చూస్తున్నాడు. దొరికినప్పుడల్లా బోర్డు చదివేలోపే దాటిపోతోంది. పొడుగాటి సొరంగం వచ్చింది, అయిపోయింది. ఒక్కసారిగా వెలుతురు. కుడివైపు సముద్రం.

విమానం ఒకటి రోడ్డు మీదుగా ఎంత కిందకి దిగిందంటే, మసీనా తల వంచుకుంది. తరవాత కిటికీకి అరచెయ్యి ఆనించి ఆ నీళ్ళు చూస్తూ ఉండిపోయింది.

"నేను దిగింది ఇక్కడే" అంది. "నువ్వు నా చంకలో ఉన్నావు. ఒక కాలికే చెప్పుంది. రెండోది విమానంలో పారేశావు."

ఫలనీకో ఇంకా వెనక్కి తిరిగే దారి కోసం బోర్డులే చూస్తున్నాడు.

"మింటో వచ్చాక మళ్ళీ ఈ నీళ్ళ దగ్గరికి రానేలేదు. పిల్లలు, పనులు, తరవాత మోకాళ్ళు. అడుగుదామనుకున్నా, ఎవర్నని ఇబ్బంది పెడతాం?" ఆవిడ ముందుకి వంగి కొడుకు భుజం తట్టింది. "పెళ్ళి హడావుడిలో కూడా గుర్తుపెట్టుకుని ఇంత దూరం తిప్పి తీసుకొచ్చావు. ఎవరి కొడుకు చేస్తాడ్రా ఈ పని?"

ఫలనీకో నోరు తెరిచాడు. అద్దంలో తల్లి మొహం చూశాడు. నోరు మూశాడు.

ఇక వెనక్కి తిరిగే మాటే లేదు. మసీనా కళ్ళు మూసుకుని కృతజ్ఞతలు మొదలుపెట్టింది. తమని మోసుకొచ్చిన విమానానికి, మొదటి చలికాలం దుప్పటి ఇచ్చిన పక్కింటి గ్రీకావిడకి, కొడుక్కి పని ఇచ్చిన రోడ్డుకి, ఆ రోడ్డు కూలీతో కట్టిన ఇంటికి, ఆ ఇంట్లో పెరిగిన లుపేకి. దారిలో టోలు వచ్చినప్పుడల్లా అద్దానికి అంటించిన డబ్బా కీచుమనేది. అది కీచుమన్నప్పుడల్లా మసీనా "ఆమెన్" అనేది. సిడ్నీ చుట్టూ టోళ్ళకి కొదవలేదు. ప్రార్థన బాగా సాగింది.

హార్బర్ కింద సొరంగంలో ముసలావిడ కునుకు తీసింది. ఫలనీకో గొంతు తగ్గించాడు.

"లుపే."

"ఊఁ, మామయ్యా."

"ఇలా పోతే ప్లంప్టన్ వస్తుందంటావా?"

"వస్తుంది. గుండ్రంగానే కదా ఉంది."

"ఎప్పటికి?"

లుపే గడియారం చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని తెలుసు. "వస్తుంది" అంది మళ్ళీ.

కాసేపు పోయాక ఆయన అన్నాడు, "అమ్మమ్మకి చెప్పకు."

"ఏం చెప్పకూడదు?"

"అదే."

"సముద్రం చూపించావు మామయ్యా. అందులో చెప్పకూడనిది ఏముంది?"

ఆయన మెడ వెనక ఎండకి కమిలిన మచ్చ ఇప్పటికీ పోలేదు. టోపీ పోయిన వేసవిది. ఆ ఏడు లుపేకి బడి బూట్లు కొన్నాడు, తనకి టోపీ కొనుక్కోలేదు. లుపే ఆ మచ్చనే చూస్తూ, పాస్టర్ వెళ్ళిపోతే వెళ్ళిపోనీ అనుకోవడానికి ప్రయత్నించింది. సగం వరకు అనుకోగలిగింది.

సొరంగం దాటాక లుపేకి తల్లి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"ఎక్కడున్నారే? ఆయన కూడా ఉన్నారా కార్లో?"

"ఎవరు?"

"సరే, సరే, చెప్పొద్దులే. కుర్చీ వేశాం, చాప పరిచాం. కోకో తాగుతారా, టీ తాగుతారా?"

"ఎవరమ్మా? పాస్టర్ గారొచ్చారా?"

"ఆ సంగతి వచ్చాక మాట్లాడదాం" అని లీతియా ఫోన్ పెట్టేసింది.

సిడ్నీని మొత్తం చుట్టి, ఉత్తరం వైపు నుంచి ప్లంప్టన్‌లో దిగేసరికి పదకొండు దాటి చాలాసేపయింది. చర్చి ముందు కారు ఆగీ ఆగకముందే పాటబృందం స్వాగతం అందుకుంది. లీతియా పూలదండ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వెనక కార్లలోవాళ్ళు దిగి, మెడలు చాచి ఫలనీకో కారులోకి తొంగిచూశారు. పక్క సీట్లో ఒక టోపీ ఉంది.

"ఏరీ ఆయన?" అన్నాడు లెమెకీ.

"ఎవరు?" అన్నాడు ఫలనీకో.

"అదే, నువ్వు తీసుకొచ్చిన పెద్దమనిషి. ఆయన కోసమేగా ఊరంతా తిరిగాం."

ఫలనీకో ఎత్తు కుర్చీ చూశాడు, చాప చూశాడు, దండ చూశాడు. ఆయన నెమ్మదిగా ఆలోచించే మనిషే. కానీ ఒకసారి ఆలోచన కుదిరితే కాంక్రీటులా గట్టిపడుతుంది. వెనక తలుపు తెరిచి, తల్లి చెయ్యి పట్టుకుని దించాడు. దండ లీతియా చేతిలోంచి తీసుకుని తల్లి మెడలో వేశాడు. నడిపించుకుంటూ వెళ్ళి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఈవిడే" అన్నాడు.

పాట ఒక్క క్షణం తడబడింది, తరవాత ఇంతకుముందుకన్నా గట్టిగా వచ్చింది. మసీనా చాప అంచు వేళ్ళతో నలిపి, "నేత బాగుంది" అంది.

లుపే మాత్రం తల్లి చెయ్యి పట్టుకుంది. "పాస్టర్ గారు వెళ్ళిపోయారా?"

"వెళ్ళడానికి అసలు వస్తేగా! ఎం సెవెన్ మూసేశారట. లివర్‌పూల్ వైపు నుంచి ఒక్క కారూ రావట్లేదు."

"ఎందుకు?"

"ఏవో చేమదుంపలట."

మనాసే తండ్రి ఫలనీకో దగ్గరికొచ్చాడు. "ఇంత జనం ఇరుక్కుపోతే మీరొక్కరు ఎలా తప్పించుకున్నారండీ?"

ఫలనీకో నడుముకి చుట్టుకున్న లావలావా సర్దుకున్నాడు. "నేను వేసిన రోడ్డు కదండీ" అన్నాడు. లుపేకి దగ్గు వచ్చింది.

పెనీ ట్రక్కు ఇంకా కాసేపటికి వచ్చింది, దాని వెనకే పాస్టర్ కారు. ఆయన తెల్లకోటు ముందంతా బూడిద. ట్రక్కు వెనక మొదట ఆగిన కారు ఆయనదే. నడిరోడ్డు మీద అందరితో పాటు చేమదుంపలు ఏరాడు. ఆకలికి తట్టుకోలేక ఒకటి తిన్నాడని ఫెతూ తరవాత చెప్పింది. చేతులు దులుపుకుంటూ ఆయన పెళ్ళివారి ముందుకొచ్చి, జీవితంలో మొదటిసారి తల వంచాడు.

"ఆలస్యమైంది. క్షమించాలి."

"పర్వాలేదు పాస్టర్ గారూ" అన్నాడు ఫలనీకో. "మేం ఎవరి కోసమైనా ఆగుతాం."

ఫెతూ ట్రక్కు దిగి నేరుగా మొగుడి ముందుకొచ్చి నిలబడింది. ప్రెస్టన్స్ నుంచి కూడబెట్టుకున్న మాటలు ఆవిడ మొహం మీదే కనిపిస్తున్నాయి.

"ఎక్కడికి పోయావు?"

"అమ్మకి సముద్రం చూపించాను."

ఫెతూ అత్తగారి వైపు చూసింది. మసీనా ఎత్తు కుర్చీలో, మెడలో దండతో, చుట్టూ చేరిన పిల్లలకి విమానం ఎంత కిందకి దిగిందో చేత్తో చూపిస్తోంది. తరవాత మొగుడి కాలరు సరిచేసి, "మంచి పని చేశావు" అంది. ఆయన కళ్ళు తుడుచుకుని, లుపే చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు.

ఆ పెళ్ళి శుభంగా జరిగింది కాబట్టి ఇప్పుడు పెళ్ళికి ముందు ఊరంతా చుట్టి రావడం ఆ ఇంటి ఆచారమైంది. మొన్న పెనీ పెళ్ళికి, పెళ్ళికూతురి ఇల్లు చర్చికి ఎదురుగానే ఉన్నా, అందరూ తెల్లవారగానే కార్లెక్కారు.