సిబ్రెన్ హోరుకు పునర్జన్మ

హింకె ఆ క్యాసెట్టును తలగడ కింద పెట్టుకుని పడుకుంటోందట! మొగుణ్ణి పక్కగదిలోకి తోలేసిందట! ఈ సంగతి మా పక్కింటి గెప్కె చెప్పింది. ఆవిడకి రొట్టెల కొట్టులో చెప్పారట. మరి రొట్టెల కొట్టుకి ఎవరు చేరవేశారమ్మా అంటే, "ఇంకెవరు, నేనే. పొద్దున చెప్పాను, సాయంత్రానికి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఇద్దరి నోట విన్నానంటే నిజమేగా?" అంది.

ఫ్రీస్లండులోని మా వీరెజైల్ ఊళ్ళో వార్తలు ఈ పద్ధతిలోనే రుజువవుతాయి.

కనక నిజమనే అనుకుందాం. డెబ్భై దాటిన మనిషి క్యాసెట్టు మీద తల పెట్టుకుని పడుకుంటే ఊరంతా ముక్కున వేలేసుకుంటోంది. నేను వేసుకోను. నన్నడిగితే, నలభై ఏళ్ళ కిందట ఎవరూ వినని క్యాసెట్లను ఇప్పుడు వెతికి పట్టుకుని, దుమ్ము దులిపి, ఎల్పీ రికార్డులుగా మళ్ళీ విడుదల చెయ్యడమనేది సముద్రానికి కట్టలు కట్టుకున్నాక ఈ దేశానికి జరిగిన అతి పెద్ద మేలు! కట్టలు నీళ్ళను ఆపాయి. ఇవి మతిమరుపును ఆపుతున్నాయి. నవ్వకండి. నేను చాలా గంభీరంగా చెబుతున్నాను.

హింకె మొగుడు సిబ్రెన్ పాల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసేవాడు. ఎనభై మూడులో, లోకమంతా సాయంత్రాలు టీవీ ముందు కూర్చుంటుంటే ఇతను పెరట్లో సైకిళ్ళ కొట్టంలో దూరి, తీగలు అతికి ఒక డబ్బా తయారుచేశాడు. మీట తిప్పితే అది ఊళ వేసేది. ఇంకాస్త తిప్పితే ఈనబోయే ఆవులా మూలిగేది. ఆ మూలుగుల్ని క్యాసెట్టుకెక్కించి, 'తేమ, రెండో భాగం' అని పేరు పెట్టి, పాతిక కాపీలు చేసి దేశం నలుమూలలకీ పోస్టులో పంపాడు. మూడు తిరిగొచ్చాయి. మిగతావి తిరిగి రాకపోవడాన్ని అతను ఆదరణ కింద జమకట్టుకున్నాడు.

మొదటి భాగం ఏదని అడుగుతారేమో. లేదు. ఎన్నడూ లేదు. రెండో భాగమంటే వెనకాల ఏదో ఉన్నట్టు బరువుగా ఉంటుందని అలా పెట్టాడు. ఇప్పుడు ఒసాకాలో ఒకాయన ఆ మొదటి భాగం కోసం పదిహేనేళ్ళుగా వెతుకుతున్నాడట. చూశారా మేలు! లేని వస్తువు ఒక మనిషి బతుక్కి దారి చూపించింది. ఉన్న వస్తువులకి చేతనవుతుందా ఈ పని?

పాత క్యాసెట్లను రికార్డులుగా అచ్చు వేసి ఇలాంటి మేళ్ళు చెయ్యడమే వృత్తిగా పెట్టుకున్న టైమెన్ అనే ఆయన రోటర్‌డామ్ నుంచి మా వీధికి వచ్చాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. నెత్తిన చేపలు పట్టేవాళ్ళ టోపీ. చేపను పట్టిన పాపాన పోలేదు. పాతిక కాపీల్లో దొరికినవాటి మీద జనం ఫుట్‌బాల్ ఆటలు రికార్డు చేసుకున్నారు కనక, అన్నిటికన్నా ముందు తయారైన అసలు క్యాసెట్టే కావాలన్నాడు. అది హింకె దగ్గరుంది. సిబ్రెన్ తొందరపడి పోస్టులో పంపేస్తాడేమోనని ఆవిడ తలగడ కింద పెట్టుకున్నది దాన్నే.

ఎందుకంత పట్టింపు? దాచి లాభం లేదు, చెప్పేస్తాను. సిబ్రెన్ తన మూలుగుల్ని ఎక్కించింది కొత్త క్యాసెట్టు మీద కాదు. అత్తగారి మాటల మీద.

ఆ ముసలావిడకు చూపు పోయింది. ఉత్తరాలు రాయలేక, క్యాసెట్టులో మాట్లాడి కూతురికి పంపేది. ఆఖరుది పంపిన చలికాలంలోనే పోయింది. తెలివైన మనిషి. తన మాటల్ని ఎవరూ చెరపకుండా, క్యాసెట్టు అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని విరిచి మరీ పంపింది. అవి లేకపోతే రికార్డు మీట దిగదు కదా! అల్లుడు ఇంకా తెలివైనవాడు. ఆ కన్నాల మీద సెల్లో టేపు అంటించాడు. మీట దిగింది.

హింకె చూసుకునేసరికి రెండువైపులా ఊళలే. రెండో వైపు చివర పదిహేడు సెకన్లు మాత్రం మిగిలాయి. కాఫీ చల్లారిపోతోందని తను కేకేస్తే, సిబ్రెన్ యంత్రం ఆపేసి లోపలికి రావడం వల్ల మిగిలిన ముక్క అది. అందులో తల్లి, రోటర్‌డామ్ వాళ్ళకి అంతుపట్టని మా ఫ్రీస్లండు భాషలో అంటుంది: "…దుంపలు అడుగంటుతాయి, చూసుకో. కిటికీ కాస్త తెరిచిపెట్టు. ఇదింకా తిరుగుతోందా? హింకె, ఉన్నావా?"

అంతే. ఏటా తల్లి పుట్టినరోజున హింకె ఒక్కసారి పెట్టుకుని వింటుంది. విన్నప్పుడల్లా టేపు ఇంత అరుగుతోంది, గొంతు ఇంత సన్నబడుతోంది. మళ్ళీ పెడితే తెగుతుందేమోనని కిందటేడు వినడమే మానేసింది.

అందుకే టైమెన్ మాటకు ఆవిడ చెవి ఒగ్గింది.

"మేడమ్, ఈ టేపు మీద ఉన్న ప్రతి చప్పుడునీ వందేళ్ళు నిలబెడతాం" అన్నాడతను.

"ప్రతి చప్పుడూనా?"

"ప్రతి చప్పుడూను. మా సౌండు ఇంజినీరుది సూదిమొన లాంటి చెవి."

హింకె లేచి వెళ్ళి క్యాసెట్టు తెచ్చింది. గిన్నెలు తుడిచే శుభ్రమైన గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టి, మొగుడి వైపు తిరిగింది. "చివర ఏముందో ఆయనకి నువ్వే చెప్పు. చెరిపింది నువ్వు, చెప్పాల్సిందీ నువ్వే."

"కారు దాకా వెళ్ళి తీరిగ్గా చెబుతాలే" అన్నాడు సిబ్రెన్.

తరవాతి ముచ్చట గెప్కె కిటికీలోంచి విన్నది. "వాన గురించి మాట్లాడాడు. తరవాత సైకిల్ టైర్ల గురించి మాట్లాడాడు. తరవాత చెయ్యి ఊపి లోపలికొచ్చేశాడు. అంతకుమించి ఒక్క ముక్క అంటే ఒట్టు!"

దీన్ని పిరికితనం అనకండి. కళాకారుడి మౌనం అనాలి!

ఇక మేళ్ళకొద్దాం. రికార్డు ఇంకా అచ్చు కాకముందే మా వీధిలో దులపని అటక లేదు. గెప్కెకి ఎనభై అయిదులో పొరపాటున రికార్డయిన బట్టలుతికే యంత్రం చప్పుడు దొరికింది. "చివర్లో పిండే ఘట్టం ఉంటుంది చూడూ, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి" అంటోంది. ఊరి చివర ఒక రైతు నమూనా కాపీ పట్టుకెళ్ళి పాలు పితికే షెడ్డులో పెట్టాడు. ఎంత త్వరగా పాలిచ్చేస్తే అంత త్వరగా బయటపడొచ్చని ఆవులు రెండు పూటల్లో గ్రహించాయి! మీ ఇంట్లో కాఫీకొచ్చి కదలని చుట్టాలున్నారా? మొదటి వైపు పెట్టండి. ఆరో నిమిషానికి కోట్లు తొడుక్కుంటారు. మీరు పొమ్మన్నారా? అనలేదే!

ఆమ్‌స్టర్‌డామ్ పత్రికలో ఒక విమర్శకుడు రాశాడు: 'పన్నెండో నిమిషంలో యంత్రయుగపు మానవుడి ఒంటరితనం తడితడిగా పగులుతుంది.' సిబ్రెన్ని అడిగాను.

"పన్నెండో నిమిషమా? అక్కడ వైరు ఊడిందయ్యా. మళ్ళీ అతికాను."

అయితేనేం? ఊడిన వైరులోంచి ఇంత తత్వం కారితే, మన ఇళ్ళల్లో సక్రమంగా ఉన్న వైర్లని చూసి సిగ్గుపడాలి!

అట్ట మీద బొమ్మ ఏమిటనుకున్నారు? కన్నాల మీద అంటించిన ఆ సెల్లో టేపు! పసుపుబారిన ఆ చిన్న ముక్కని పళ్ళెమంత చేసి అచ్చు వేశారు. ఇదెందుకు అంటించారని టైమెన్ ఫోనులో అడిగితే సిబ్రెన్ కాసేపు ఆలోచించి, "మూసుకుపోయిన వ్యవస్థని తెరవడానికి" అన్నాడట. ఆ వాక్యం అట్ట వెనక వేశారు.

హింకె కళ్ళజోడు పెట్టుకుని అది చదివింది. "తెరవడానికి కాదు, మూయడానికి అంటించావు. మా అమ్మ నోరు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొత్తం మూడు వందల కాపీలు. ప్రతిదాని మీదా చేత్తో వేసిన నంబరు. కొన్నవాళ్ళు పైనున్న ప్లాస్టిక్ కాగితం చింపరట. చింపితే విలువ పడిపోతుందట. అంటే సంగీతం వ్యాపిస్తుంది, ఊళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. ఇంతకన్నా ప్రజాహితమైన సంగీతం ఇంకెక్కడన్నా ఉందా?

మొన్న ఆదివారం మధ్యాహ్నం సిబ్రెన్ ఇంట్లోనే విడుదల సభ. మా దేశంలో పుట్టినరోజుకి వేసినట్టే కుర్చీలు గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చుట్టూ తిరుగుతూ చేతులు కలిపారు. "సిబ్రెన్, అభినందనలు!" "హింకె, మీ ఆయనకి అభినందనలు!" "గెప్కె, మీ పొరుగాయనకి అభినందనలు!" ఆ వీధిలో కాపురమున్న పుణ్యానికి నాకూ దక్కాయి. కాఫీ వచ్చింది. బిస్కెట్ల డబ్బా ఒక్క చుట్టు తిరిగి మూతపడింది. టైమెన్ గుడ్డలో చుట్టిన క్యాసెట్టుని హింకెకి భద్రంగా తిరిగిచ్చి, రికార్డు పెట్టాడు.

ఆ మోత మొదలైతే కొట్టం దగ్గరికే వెళ్ళని హింకె ఆ రోజు స్పీకరు పక్కనే కూర్చుంది. ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుంది. మొదటి వైపు చివరిదాకా విన్నది. తిరగేశారు. రెండో వైపూ విన్నది. ఇరవై రెండో నిమిషం దగ్గర కప్పు కింద పెట్టి, ముందుకు వంగి, స్పీకరుకి చెవి ఆనించింది.

ఊళ సన్నబడింది. మూలుగు ఆగింది. టప్‌మని ఒక చప్పుడు. ముల్లు లేచి పక్కకెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

"మా అమ్మ ఏదీ?" అంది హింకె.

"ఎవరు మేడమ్?"

"చివర మాట్లాడే మనిషి."

"ఓ, అదా! ఏదో రేడియో స్టేషను అడ్డొచ్చి పడిందనుకున్నాం" అన్నాడు టైమెన్ ఉత్సాహంగా. "మా ఇంజినీరు ఇట్టే పట్టేశాడు. పైగా అక్కడ రెండు మూరల టేపు బాగా నలిగిపోయి ఉంది. కత్తిరించి పారేసి, మీ క్యాసెట్టుకి కొత్త కొస అతికించి ఇచ్చాం. ఇంక తెగుతుందన్న భయం లేదు!"

హింకె మొగుడి వైపు చూసింది. "చెప్పలేదా నువ్వు?"

"అప్పుడు వాన పడుతోంది" అన్నాడు సిబ్రెన్, సాసరు వైపు చూస్తూ.

పాఠకులారా, నా వాదం ఇక్కడ కూడా చెక్కుచెదరలేదని మనవి. ఊడిన వైరును ఉంచారు. డబ్బా ఊళను ఉంచారు. పాల ఫ్యాక్టరీ సైరను వినిపిస్తే అదీ ఉంచారు. అంత హోరులో సూదిమొన చెవి పెట్టి జల్లెడ పడితే, దేశానికి అక్కర్లేని చప్పుడు పదిహేడు సెకన్లు మాత్రమే తేలింది. ఎంత పొదుపు! ఎంత శ్రద్ధ!

టైమెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మంచివాడే. "మాకు తెలియదు మేడమ్. ఎవరో ఆడమనిషి ఏదో అంటోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకని తీసేశాం."

"మరి మిగతా నలభై అయిదు నిమిషాలూ అర్థమయ్యాయా?" అంది హింకె.