కదపకూడని హోయా

ఆ సోమవారం పొద్దున లైబ్రేరియన్ అనుకున్నది ఒక్కటే: హోయా పూలతీగకు నీళ్ళు పోసి, తల దువ్వుకుని, ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. చెంబు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. తీగ కణుపు దగ్గర ఆవగింజలంత మొగ్గలు, గుత్తిగా, బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

ఆరేళ్ళు. ఆరేళ్ళలో ఆ తీగకు నాలుగు కిటికీలు చూపించింది. పిండినల్లి పడితే దూదితో ఆకాకూ తుడిచింది. చివరికి దానికి నచ్చిన చోటు స్నానాలగది కిటికీ. మొగ్గ తొడిగాక కుండీ కదిలినా, వెలుగు దిశ మారినా హోయా మొగ్గలన్నీ రాల్చేస్తుందని ఆమె చదివింది. చిక్కల్లా తలుపుతోనే. సగానికి మించి తెరిస్తే వేలాడే కుండీకి తగులుతుంది. ఆమె పక్కకు తిరిగి దూరగలదు. ఆమె భర్త, పళ్ళ డాక్టరు, ఏ పక్కకు తిరిగినా దూరలేడు.

"పూసేదాకా మీ చెల్లెలింట్లో స్నానం చెయ్యండి," అంది.

"ఎన్నాళ్ళు?"

"మూడు వారాలు."

ఆయన ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించడమే గాని ఇంట్లో నోరు తెరిచే మనిషి కాదు. తువ్వాలు భుజాన వేసుకుని పక్కవీధికి నడిచాడు.

నాలుగోరోజు చెల్లెలు ఉండబట్టలేక అడిగేసింది. "అన్నయ్యా, నిజం చెప్పు. వదిన ఏమంది?"

"లోపలికి రానివ్వట్లేదే," అన్నాడు బ్రష్షు నోట్లో పెట్టుకునే. "ఆరేళ్ళు ఎదురుచూసిందట. ఇన్నాళ్ళకి మొగ్గలొచ్చాయి."

నురగలో 'మొగ్గలు' మునిగిపోయాయి. 'వచ్చాయి' కాస్తా 'వచ్చాడు' అయింది. ఆయన పుక్కిలించేలోపే చెల్లెలు తల్లికి ఫోను చేసింది.

ఆదివారం పొద్దున్నే అత్తగారు సూట్‌కేసుతో, మరిది మండిపోతున్న మొహంతో దిగారు. వెనకాలే పళ్ళ డాక్టరు, ఆయన చెల్లెలు వచ్చారు. కాళ్ళు కడుక్కుంటానని అత్తగారు స్నానాలగది వైపు నడవగానే కోడలు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎవరూ వెళ్ళొద్దు అత్తయ్యా."

"లోపల ఎవరమ్మా?"

"రెండు వారాలు ఆగండి, నేనే చూపిస్తాను. ఇప్పుడు జోలికి వెళ్తే మాత్రం ఊరుకోను."

"వాణ్ణి బయటికి రమ్మంటావా, నన్ను లాక్కురమ్మంటావా వదినా?" అంటూనే మరిది పక్కనుంచి భుజంతో తలుపు గుద్దాడు. తలుపు బార్లా తెరుచుకుంది. కుండీ వేలాడే కొక్కెం గోడలోంచి ఊడొచ్చింది.

పళ్ళ డాక్టరు అందర్నీ తోసుకుని ఎలా దూరాడో ఆయనకే తెలియదు. తడి నేల మీద మోకాళ్ళపై జారి, కుండీని రెండు చేతుల్లో పట్టేశాడు. ఆమె వంగి, మొగ్గల్ని వేలితో లెక్కపెట్టింది.

"ఇరవై రెండు. ఒక్కటీ రాలలేదు." భర్త వైపు తిరిగింది. "కదలకండి. మెల్లగా లేవండి. కిటికీ వైపు, ఇంకొంచెం పైకి."

ఆయన అలాగే నిలబడ్డాడు. భార్య తన వైపు అంత ప్రేమగా చూసి చాలాకాలమైంది.

"దీనికోసమా నన్ను రప్పించారు?" అంది అత్తగారు. దగ్గరికెళ్ళి మొగ్గల్ని చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఎడమ చెయ్యి దించకురా," అంది కొడుకుతో.

మరిది తలవంచుకుని వెళ్ళి మేస్త్రిని పిలుచుకొచ్చాడు. మేస్త్రి కొత్త కొక్కెం బిగించి, సిమెంటు పూసి, రేపు ఇదే వేళకు ఆరిపోతుందని, అప్పటిదాకా ఏమీ తగిలించొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.