శుక్రవారం పంపించేద్దాం

శుక్రవారం సెలవు అడగాలన్నది ఆ ఉదయం ప్రూఫ్ రీడర్ పెట్టుకున్న పని. ఆడపడుచుకు కళ్ళజోడు మార్పించాలి. తొమ్మిదింటికి ప్రెస్సుకు వచ్చి, సంచి టేబుల్ మీద పెట్టి, యజమాని గది తలుపు దాకా వెళ్ళింది. ఆయన ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడే పడుందండీ. చప్పుడెక్కువ, పని తక్కువ. మధ్యాహ్నమయ్యేసరికి వేడెక్కిపోతుంది. శుక్రవారం పంపించేద్దాం."

ఆమె ఆ ప్రెస్సులో చేరి ఇరవై ఏళ్ళు. భోజనం ఆలస్యమైతే తనకు కోపం వస్తుందని ఆమెకూ తెలుసు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదన్న సంగతి తోచలేదు. కనీసం 'ఆవిడ' అని కూడా అనలేదని మాత్రం గుచ్చుకుంది. వయసు యాభై రెండు. తప్పులు దిద్దడం తప్ప మరో పని రాదు.

టేబుల్ దగ్గరకు తిరిగొచ్చేసరికి కంప్యూటర్ ఆపరేటర్ టేపు పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, కొంచెం లేస్తారా? మీ టేబుల్ జరిపితే చోటు సరిపోతుందేమో చూడమన్నారు. కొత్తది వస్తోందిగా, నిమిషానికి అరవై పేజీలట!"

"అరవయ్యా! చదువుతుందా, మింగుతుందా?"

"మింగడమేనక్కా" అని నవ్వి, ఆపరేటర్ కొలత రాసుకుంది.

ప్రూఫ్ రీడర్ మెట్ల మీదికి వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది.

"విన్నది రెండు ముక్కలు. ముందు అడుగు, తర్వాత ఏడువు" అన్నాడాయన.

"నన్ను తీసేస్తున్నారా అని నేనే అడగాలా? వాళ్ళకా శ్రమ కూడా లేకుండా చేస్తాను."

రాజీనామా మూడు వాక్యాలు. నాలుగుసార్లు సరిచూసింది. అక్షర దోషం ఒక్కటీ లేదు.

యజమాని చదివి తలెత్తాడు. "ఎదుటి ప్రెస్సు వాడు పిలిచాడా?"

"మీరే పంపించేద్దాం అన్నారు కదండీ, పొద్దున ఫోన్లో."

"అది మిషన్ గురించండీ!"

ఇద్దరూ మూలనున్న ప్రింటింగ్ మిషన్ వైపు చూశారు. అది కాగితం ఇరుక్కుని టకటకమంటోంది.

"అయితే ఆ ఉత్తరం ఇలా ఇచ్చేయండి" అందామె.

ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మిషన్ని తిడితే మనుషులు రాజీనామా చేస్తారా? నా చెవిలో పువ్వులు పెట్టకండి. నిన్న వాడు మన గుమ్మం వైపు చూసి నవ్వాడు. అప్పుడే అనుకున్నా."

"ఒట్టండీ, ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు."

"ఒట్టు దాకా వచ్చారంటే ఇక అనుమానమే లేదు."

సాయంత్రానికి ఆయన ఆమెను మేనేజర్ని చేశాడు. ఎదుటి ప్రెస్సు కనబడకుండా ఆమె టేబుల్‌ని లోపలి గదిలో వేయించాడు.

ఇంటికి రాగానే భర్త అడిగాడు. "ఉన్నదున్నట్టు చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఆధారాలు చాలవన్నారు."