తొట్టిలో సముద్రం

మాఘమాసపు చలిలో, తెల్లవారుతుండగా, సింహాచలం ఆ రోజు వంట తానే చెయ్యాలని నిర్ణయించుకున్నాడు. మగవాడు ఇలాంటి నిర్ణయం చేసుకున్న రోజున ఇంట్లో ఆడది పొరుగూరు వెళ్ళిపోవడం మంచిది. కాని నీలవేణికి ఏడో నెల. ఎక్కడికని వెళుతుంది?

సింహాచలానికి అరకులోయలో, సంత జరిగే బయలు పక్కన, ఉప్పుకొట్టు ఉంది. సర్కారు ఉప్పు మీద పన్ను రెట్టింపు చేసిన ఏడాది అది. భీమిలిలో ఉప్పుకి పెద్ద విలువ లేదు. ఘాటీ ఎక్కేసరికి దానికి గౌరవం వచ్చేది. భీమిలి నుంచి అతను ఉప్పు తెచ్చినట్టే పెళ్ళాన్నీ తెచ్చుకున్నాడు. నీలవేణి సముద్రం ఒడ్డున పుట్టింది. రెండేళ్ళయినా ఆమెకి కొండగాలి అలవాటు కాలేదు.

ఆ రోజు అత్త అప్పలనర్సమ్మ వస్తోంది, కూతుర్ని పురిటికి తీసుకువెళ్ళడానికి. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. దాని మీద ఎవరికీ తగువు లేదు. తగువంతా ఆమె ముందుగా పంపిన కబురు మీద. "పిల్లని తీసుకెల్తాను. మళ్ళీ కొండెక్కించను. ఆ సలిలో, ఆ అంబలితో పసిగుడ్డు బతకదు." మొగుడు పోయాక చేపల తట్ట మోసి పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. అలాంటి మనిషికి మాట వెనక్కి తీసుకునే తీరిక ఉండదు.

నీలవేణి లేని ఇంటిని సింహాచలం ఒకసారి ఊహించి చూశాడు. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. మాట అంటే తిరిగి మాట అనేవాళ్ళు లేరు. ఆ ఊహ కొందరికి ఆలస్యంగా వస్తుంది. ఎవరికి ముందుగా వస్తే వాడు అదృష్టవంతుడు.

అందుకని అతనొక పథకం వేశాడు. నెల తప్పినప్పటి నుంచి నీలవేణి విసనకర్ర గుల్లల కోసం కలవరిస్తోంది. సముద్రపు గుల్లలవి, విప్పిన విసనకర్రలా ఉంటాయి. లోపల వెన్నముద్దలాంటి తెల్లటి మాంసం. వాటిని కొండమీదికి తెప్పించి, తన చేత్తో వండి, అత్త ముందు పెళ్ళానికి వడ్డిస్తే, నా పిల్లకి ఇక్కడ ఏ లోటూ లేదని ఆమే అంటుంది. పథకంలో తప్పు లేదు. తప్పంతా పథకం వేసినవాడిలో ఉంది.

ఉప్పుబండి తోలే అప్పారావు తడిగోనె ఒకటి అరుగు మీద దింపాడు.

"ఇదిగో బావా, నీ మూట. దారంతా లోపల టకటకా కొట్టుకుంటన్నాయి. ఎడ్లు బెదిరిపోనాయి."

"బతికే ఉన్నాయా?"

"సగం బతికున్నాయి. మిగతా సగం ఆలోసిత్తన్నాయి."

"అత్తేదీ?"

"ఎనకబండిలో ఉంది. మద్దేనానికి వొచ్చీత్తాది. సలికి దుప్పటీ ఇత్తే, ఒద్దని నా ఎద్దుకి కప్పింది."

మధ్యాహ్నం దాకా గుల్లలు చావకూడదు. మంచినీళ్ళలో వేస్తే చస్తాయి. సింహాచలం పెరట్లోకి చూశాడు. బండెడ్లు నీళ్ళు తాగే పెద్ద రాతితొట్టి కనబడింది. కొట్లో ఉప్పు ఉంది. ఉప్పు అమ్ముకునేవాడికి సముద్రం చేసుకోవడం ఒక లెక్కా అనుకున్నాడు.

తొట్టి కడిగి, నీళ్ళు నింపి, బుట్టెడు ఉప్పు పోసి కలుపుతుంటే నీలవేణి నడుం మీద చెయ్యి పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఏటి సేత్తన్నావు మావా?"

"సముద్రం."

ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "ఇది సముద్రం కాదు. పప్పుసారు."

అతను మరికొంత పోశాడు. ఆమె మళ్ళీ రుచి చూసింది. "ఇప్పుడు ఊరగాయ." అతను రెండు కడవలు నీళ్ళు పోశాడు. ఆమె ఈసారి కళ్ళు మూసుకుంది. "ఇంకో దోసెడు ఉప్పెయ్యి." వేశాడు. ఆమె వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఆ తరవాత చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సాలు మావా. ఇదే."

సముద్రాన్ని నాలుక మీద మోసుకొచ్చి, రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మనిషిని సింహాచలం అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. చూసి, గుల్లలు తొట్టిలో పోశాడు. కాసేపటికి వాటిలో ఒకటి తన రెండు చిప్పలూ చప్పట్లలా కొట్టుకుంటూ ఎగిరింది. ఇంకొకటి అతని మొహం మీదికి నీళ్ళు చిమ్మింది. నీలవేణి నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడి చాలా కాలమయింది.

ఇద్దరూ మూకుడు తోముకోవడానికి లోపలికి వెళ్ళారు. అదే పొరపాటు.

కొండమీద పశువుకి ఉప్పు దొరకదు. గాలిలో ఉప్పు వాసన తగిలితే మేత వదిలి వస్తుంది. ముందుగా ఊరిపెద్ద గాసి ఎడ్లు కంచె విరుచుకుని వచ్చాయి. వాటిలో తెల్లెద్దు మూతి ముంచి ఆబగా తాగబోయింది. ఒక గుల్ల దాని పైపెదవిని పట్టుకుంది. ఎద్దు రంకె వేసి తోక పైకెత్తి, సంతబయలంతా ఒక చుట్టు తిరిగింది. బులాకీ పెట్టుకున్న ఎద్దుని ఆ లోయలో అంతకుముందు ఎవరూ చూడలేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో చూద్దామని జనం వెనక్కి పరిగెత్తారు. పశువులు వాళ్ళకంటే ముందే చేరాయి.

సింహాచలం చీపురు తిప్పుకుంటూ బయటికి వచ్చేసరికి పెరడు నిండిపోయింది. గాసి తొట్టి పక్కనే నిలబడి ఉన్నాడు. అతని వెనక పాలేరు మంగ్లు, చేతిలో పలుపుతాడు.

ఆ కొండల్లో కొత్తగా ఎద్దుని కొన్నవాడు దానికి తన తొట్టిలోనే ఉప్పునీళ్ళు పెడతాడు. ఆ రుచి మరిగితే అది పాత ఇంటికి పోదు. అందరికీ తెలిసిన పద్ధతే.

"ఏటి సావుకారీ, నా ఎడ్లకి ఉప్పునీళ్ళు మప్పుతన్నావా?" అన్నాడు గాసి.

"లేదు పెద్దయ్యా."

"మరి తొట్టినిండా ఎవులికి కలిపినావు?"

పెళ్ళాం కోసమని చెబితే ఈ కథ ఇక్కడే ఆగేది. కాని ఎదురుగా మంగ్లు ఉన్నాడు. మంగ్లుకి తెలిసింది సంతకి తెలిసినట్టే. పెళ్ళానికి సముద్రం కలిపిపెట్టిన మగవాణ్ణని నలుగురిలో చెప్పుకోవడం కంటే అబద్ధమే మేలనిపించింది సింహాచలానికి.

"పశువులకే. ఊరికే పోత్తన్నాను. పుణ్యానికి."

"మానికలో బొటనేలు పెట్టి కొలిసీ నీకు పుణ్యమేటి?"

"బిడ్డ పుడతాది గదా పెద్దయ్యా. ఆ బిడ్డ కోసం."

గాసి మొహం మెత్తబడింది. "మా ఊరోళ్ళకేనా, అందరికీనా?"

అబద్ధం మొదలుపెట్టినవాడికి చిన్నది చాలదు. "అందరికీ" అన్నాడు సింహాచలం.

మంగ్లు అప్పటికే పరిగెత్తుతున్నాడు.

గుల్లల్ని ఏరి, కాస్త ఉప్పునీటితో సహా కుండలో వేసి నీలవేణి వంటింట్లో దాచింది. ఆ పొద్దంతా పశువులు వస్తూనే ఉన్నాయి. హుకుంపేట దారిన ఒక మంద వచ్చింది. గేదెలు వచ్చాయి, మేకలు వచ్చాయి, నడవలేని ముసలి ఆవుని ఇద్దరు మోసుకొచ్చారు. సింహాచలం నీళ్ళు తోడి పోస్తున్నాడు, ఉప్పు పోస్తున్నాడు, నవ్వుతున్నాడు. పుణ్యాత్ముడు నవ్వకపోతే బాగుండదు.

"మావా, కొట్టు అడుగంటతన్నాది" అంది నీలవేణి గుమ్మంలోంచి.

"నెమ్మదిగా మాటాడు."

"మంగ్లుకి ఒక అబద్ధం సెప్పినావు. మందలన్నీ నిజమని నమ్మీసినాయి."

అతను రహస్యంగా ఉప్పు తగ్గించాడు. గాసి వేలు ముంచి చూశాడు.

"పలసనైపోనాది సావుకారీ. పుణ్యంలో కూడా బొటనేలు పెడతన్నావా?"

మళ్ళీ బుట్టెడు పోశాడు.

పశువుల వెనకే ఆడవాళ్ళు వచ్చారు. పుట్టబోయే బిడ్డ పేరున ఉప్పు పోస్తున్న ఇంటికి ఒట్టి చేతులతో రావడం వాళ్ళకి చేతకాదు. పక్కింటి సోములమ్మ కోడిపెట్టని తెచ్చి అరుగుకి కట్టింది. ఒకామె సామలు తెచ్చింది, ఒకామె తేనె, మరొకామె దబ్బకాయలు. నీలవేణి చుట్టూ కూర్చుని పొట్ట ఎత్తు చూసి మగపిల్లాడని కొందరు, ఆడపిల్లని కొందరు వాదించుకున్నారు. ఎవరూ ఆమెని లేవనివ్వలేదు.

అప్పుడు అప్పలనర్సమ్మ వచ్చింది. దారికి అడ్డంగా పశువులుంటే బండి దిగి, వాటిని మోచేత్తో నెట్టుకుంటూ నడిచి వచ్చింది. అల్లుడు మోకాళ్ళదాకా తడిసి, చేతిలో బాల్చీతో కనబడ్డాడు. కొట్టు తలుపు తెరిచి ఉంది. లోపల ఖాళీ గోనెలు.

"అల్లుడూ, కొట్టు ఉందా, పోనాదా?"

"పుణ్యం అత్తా."

"పుణ్యాత్ముడి పెళ్ళాం ఏటి తింటాది?" అని ఆమె సమాధానం కోసం ఆగలేదు. "నీలా, మూట కట్టు. ఈ బండికే ఎలిపోదాం."

సింహాచలం చేతిలోంచి బాల్చీ జారింది. పొద్దుటినుంచి ఏ మాట రాకూడదని అతను ఇంత చేశాడో, ఆ మాట వచ్చేసింది.

నీలవేణి లేచి నిలబడింది. "అమ్మా, మావ పశువుల కోసం సెయ్యనేదు. నాకోసం సముద్రం కలిపినాడు. గుల్లలు బతకాలని."

గాసి తొట్టి వైపు చూశాడు, ఎడ్ల వైపు చూశాడు.

"అలగైతే పొద్దుటేల నుంచి మా గొడ్లు తాగింది నీ పెళ్ళాం సముద్రాన్నా?"

"అవును పెద్దయ్యా."

"ముందే సెప్పనేకపోనావా?"

"సిగ్గేసింది."

"సిగ్గుకి ఇంత ఉప్పు పట్టిందేటి" అని గాసి కూలబడి నవ్వాడు. మంగ్లు ఈసారి పరిగెత్తలేదు. అతనికీ నవ్వుతో కాళ్ళు ఆడలేదు.

అప్పలనర్సమ్మ నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి, గుల్లల కుండలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కూతురి వైపు చూసింది. అల్లుడి వైపు చూసింది.

"కత్తి తే" అంది.

"అత్తా, వంట నాను సేద్దామనుకున్నాను."

"సేద్దువు. ముందు కట్టెలెగదొయ్యి."

ఆమె పని చూడవలసిన పని. కత్తిమొన చిప్పల సందులో దూర్చి ఒక్క తిప్పు తిప్పితే గుల్ల తనంత తానే తెరిచి ఇచ్చినట్టుండేది. నల్లటి తిత్తీ ఇసకా ఒక విసురులో అవతల పడేవి. తెల్లటి ముద్దలు గుడ్డ మీద వరసగా చేరేవి. వాటిని ఒక్కొక్కటే తడి లేకుండా అద్దింది, పసిపిల్ల మొహం తుడిచినట్టు. చచ్చినవాటిని వాసన కూడా చూడకుండా పక్కకి తీసేసింది. ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. అడిగితే ఆమెకే తెలిసేది కాదు.

ఇనపమూకుడు పొగలెత్తాక నెయ్యి వేసింది. ముద్దల్ని దూరం దూరంగా పేర్చింది. సింహాచలం గరిటెతో కదపబోయాడు. ఆమె అతని చేతి మీద ఒకటి వేసింది.

"కదపకు. అది ఒగ్గినప్పుడు అదే ఒగ్గుతాది. నువ్వు లాగితే సిరిగిపోతాది."

నిజంగానే కాసేపటికి ముద్దలు మూకుణ్ణి వదిలాయి. తిప్పితే అడుగున బంగారు రంగు. రెండోవైపు ఇలా తగిలించి అలా తీసేసింది. అదే మూకుడులో నలగ్గొట్టిన వెల్లుల్లి, కచ్చాపచ్చా మిరియాలు వేసింది. దబ్బకాయ పిండింది. చుయ్యిమన్న ఆ పులుసుతో అడుగున అంటినదంతా గీరి, మరో చెంచా నెయ్యి కలిపి, ముద్దల మీద పోసింది. అంతే. ఇంకేమీ వెయ్యలేదు. ఇంకేమీ వెయ్యకపోవడం అందరికీ వచ్చే విద్య కాదు.

మొదటిది నీలవేణి తింది. రెండోది తింది. అప్పుడు గాని ఊపిరి వదల్లేదు.

గాసికి ఒకటి పెట్టారు. అతను చాలాసేపు నమిలాడు. "సేప కాదు. మాంసం కాదు. ఏటిది?"

"నీ తెల్లెద్దు బులాకీ" అంది నీలవేణి.

అప్పలనర్సమ్మ అరుగు మీద కూర్చుంది. సోములమ్మ ఆమెకి గొంగడి కప్పింది. ఆమె వద్దనలేదు. కోడిపెట్టని చూసింది, సామలు చూసింది, కూతురి కాళ్ళు ఒత్తుతున్న కొండ ఆడవాళ్ళని చూసింది.

"పురుడిక్కడే" అంది ఆమె.

"అత్తా?"

"పిలిస్తే పలికీ ఆడోళ్ళు ఇందరున్నారు. భీమిల్లో మా పొరుగామె నిప్పు కూడా ఇవ్వదు. నానూ ఇక్కడే ఉంటాను."

సింహాచలం ఆమె కాళ్ళకి దండం పెట్టడానికి వంగాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"వొంగుదువులే. ముందు బండి కట్టు. సంతకి కొట్లో ఉప్పు గల్లు నేదు. నా పిల్లకి గుల్లలు కావాల. అప్పారావుకి బతికిందేదో సచ్చిందేదో తెలవదు, నువ్వెల్లి ఏరు. అక్కడ నా ఇంటికి తాళం నేదు. నువ్వక్కడే ఉండి, ఉప్పూ గుల్లలూ ఆడి సేత పంపు."

"ఎన్నాళ్ళత్తా?"

"పురుడయ్యీదాకా. ఇక్కడ నీకు పనేటుంది?"

అతను నీలవేణి వైపు చూశాడు. ఆమె మూకుట్లో మిగిలిన పులుసు అన్నంతో తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"పెద్దవి సూసి తియ్యి మావా" అంది.

ఆ తొలికాన్పుకి కొండ దిగి భీమిలి వెళ్ళింది అల్లుడొక్కడే.