లెన్సుకు తొడిగిన లైఫ్ జాకెట్

పిల్లల్ని ఎలా పెంచాలో తెలుసుకోవడానికి కోరుట్లలో పిల్లల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చోనక్కర్లేదు. పిట్టల ఫోటోలు తీసేవాళ్లతో ఒక్కసారి చెరువు మీదికి పోయి రండి, చాలు. వాళ్లను మించిన తల్లులు ఈ భూమ్మీద లేరు!

నవ్వకండి. ముందు ప్రవళిక సంగతి వినండి. ఆ తర్వాత కూడా నవ్వొస్తే మీ ఇష్టం.

ప్రవళికకు భయం జాస్తి అని ఊరంతా అంటుంది. ఐదేళ్ల బిడ్డ సహస్ర తుమ్మితే దిష్టి తీస్తుంది. దగ్గితే ఆవిరి పడుతుంది. తుమ్మకుండా దగ్గకుండా ఊరికే కూర్చుంటే, ఎందుకు కూర్చుందోనని నుదురు పట్టి చూస్తుంది. మొగుడు సురేశ్ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఫోన్‌లో ఆ సాంచాల చప్పుడుకు ఆమె భయం సగమే వినిపిస్తుంది కాబట్టి అతను సగమే ధైర్యం చెబుతాడు. మిగతా సగం అత్త చిన్నవ్వ చూసుకుంటుంది. "మేం గూడ గిట్లనే పెంచితే నీ మొగడు ఇంకా ఊయలల్నే ఉంటుండె" అంటుంది.

అన్ని భయాల్లోకీ పెద్దది నీళ్ల భయం. వాళ్ల వాడకూ బడికీ మధ్య చెరువు నీళ్లు పరుచుకుంటాయి. దారిలో ఒకప్పుడు కల్వర్టు ఉండేది. ఒక పెద్దవానకు కొట్టుకుపోయింది. కొత్తది శాంక్షన్ అయిందని అక్కడే ఫ్లెక్సీ కట్టారు. మరుసటి వానకు ఫ్లెక్సీ కూడా కొట్టుకుపోయింది! అప్పటినుంచి వానకాలమంతా వాడలోని పిల్లలు జలపతి పడవలోనే బడికి పోతారు. పడవ పాతది. అడుగున నీళ్లు ఊరుతుంటే జలపతి ఒక చేత్తో గెడ వేస్తూ ఇంకో చేత్తో డబ్బాతో తోడిపోస్తుంటాడు. సహస్ర అవతలి గట్టెక్కి చెయ్యి ఊపేదాకా ప్రవళిక ఇవతలి గట్టున ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఎంతసేపు బిగబడుతుందో ఏ డాక్టరైనా చూస్తే ఆమెకే మందు రాస్తాడు.

అయితే ఏ నష్టంలోనైనా ఒక లాభం ఉంటుంది కదా! నీళ్లు నిలిచిన చోట తామర అల్లుకుంది, జమ్ము పెరిగింది, వాటిలోకి పిట్టలు దిగాయి. పిట్టల వెనక జగిత్యాల నుంచి అజయ్ దిగాడు. మొన్నమొన్నటిదాకా అతను పెళ్లి ఫోటోలు తీసేవాడు. "జర నవ్వుండ్రి" అనీ అనీ విసుగొచ్చి, నవ్వమని బతిమాలక్కర్లేని పిట్టల వైపు తిరిగాడు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి సార్లను తెచ్చి గైడెడ్ వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీ టూర్ చేయిస్తున్నాడు. పడవ జలపతిది. జొన్నరొట్టె, నాటుకోడి కూర ప్రవళికవి.

ఆ శనివారం టూరూ ఉంది, బడీ ఉంది, పడవ మాత్రం ఒక్కటే. ట్రైపాడ్ కాళ్ల మధ్య పుస్తకాల సంచులు సర్దుకున్నాయి. కూరగిన్నె పక్కన ప్రవళిక, ఆమె ఒళ్లో సహస్ర, ఎదురుగా ఇంకో నలుగురు పిల్లలు. ముందు భాగమంతా హైదరాబాద్ సార్‌ది.

ఎక్కగానే అజయ్ పిల్లలకు రూల్స్ చెప్పాడు. మాట్లాడొద్దు. కదలొద్దు. ఎర్ర రిబ్బన్లు విప్పి సంచిలో పెట్టుకోవాలి. తుమ్మొస్తే మోకాళ్ల మధ్య తల పెట్టుకోవాలి. బెత్తం లేకుండా, గుడ్డు ఆశ పెట్టకుండా, ఐదుగురు పిల్లలు శిలల్లా కూర్చున్నారు! ఏ బడిలోనైనా సాధ్యమా ఇది? పిట్ట కనబడ్డచోటల్లా పడవ ఆగేది. ఆగిందంటే ఇంక కదలదు. ఆ లెక్కన మొదటి పీరియడ్ జమ్ములోనే అయిపోయింది. అందులో ఎక్కాలు తప్పించుకున్న పిల్లల మొహాలు చూస్తే టూరిజం ఎంత గొప్ప వరమో మీకే తెలిసేది.

ఇక సార్ తల్లి ప్రేమ గురించి చెప్పాలి.

ఆయన లెన్సు చంటిపిల్లంత ఉంది. మెత్తటి పరుపు వేసిన పెట్టెలోంచి రెండు చేతులతో ఎత్తాడు, ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. దుమ్ము పడిందేమోనని చిన్న పంపుతో ఉఫ్ ఉఫ్‌మని గాలి కొట్టాడు. మెత్తటి గుడ్డతో మూతి తుడిచాడు. చెమ్మ తగలకుండా పెట్టెలో మందు పొట్లాలు, చినుకు పడితే కప్పడానికి టోపీ, ఎండ పడకుండా గొడుగు. గొడుగు నీడ లెన్సుకే సరిపోయింది, సార్ నెత్తి ఎండలో ఎర్రబడింది. ఆయన లెక్కచేయలేదు. ఏ తల్లి లెక్కచేస్తుంది?

ప్రవళిక కళ్లార్పకుండా చూసింది. తనలాంటి మనిషి ఇన్నాళ్లకు ఒకరు దొరికారు. తేడా ఒక్కటే. ఆయన్ను చూసి ఎవరూ నవ్వడం లేదు.

అప్పుడు ఆమె కంట పడింది జాకెట్టు. సార్ పక్కన పడవ అడుగున ఒక చిన్న సంచి ఉంది. అందులో ఇంకో లెన్సు. ఆ సంచికి నారింజ రంగు లైఫ్ జాకెట్టు తొడిగి, బెల్టులన్నీ బిగించి పెట్టారు. పడవ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క జాకెట్టే.

ఆమె గొంతు తగ్గించి అజయ్‌ని అడిగింది. "తమ్మీ, గా జాకెట్ జర బిడ్డకు తొడుగుదునా?"

అజయ్ నొచ్చుకున్నాడు. "గది లెన్సుకని తెచ్చింది అక్కా. మునిగితే రేపు నేనేం జవాబు చెప్పాలె?"

ఎంత బాధ్యత గల మనిషో చూడండి! రోజూ ఇవే నీళ్ల మీద పిల్లల్ని బడికి పంపుతున్న ఊళ్లో, మునిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని భయపడ్డ మొదటి మనిషి అజయే.

ఇంతలో సార్ చెయ్యెత్తాడు. తామరాకుల మీద పొడుగు కాళ్ల తండ్రిపిట్ట ఒకటి పిల్లల్ని వెంటేసుకుని నడుస్తోంది. పైన గద్ద తిరిగింది. అంతే, పిట్ట వంగి పిల్లల్ని రెక్కల కింద చంకన పెట్టుకుంది. పిల్లల కాళ్లు మాత్రం సన్నటి పుల్లల్లా కిందికి వేలాడాయి. సార్ టకటకా ఫోటోలు కొట్టాడు. కొట్టి, అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. పిల్లల కోసం ఎంత ఆరాటమో చూడండి, మనుషులకు ఇది ఎప్పుడొస్తుందో అన్నాడు. ప్రవళిక సహస్రను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. అక్కా కదలకండి, పడవ ఊగుతుందని అజయ్ హెచ్చరించాడు.

పడవ ఊగింది నిజమే కానీ ప్రవళిక వల్ల కాదు. గాలి లేచింది. జమ్మంతా ఒక పక్కకు వాలింది. అంచు మీదుగా ఒక దోసెడు నీళ్లు లోపలికి దుమికాయి. సార్ పెద్దలెన్సును గుండెకు హత్తుకున్నాడు. అజయ్ ట్రైపాడ్‌ను పట్టుకున్నాడు. జలపతి గెడను పట్టుకున్నాడు. పిల్లలు రూలు ప్రకారం కదలకుండా కూర్చున్నారు.

ప్రవళిక బుర్ర మాత్రం అప్పుడే పని చేసింది.

"సారూ, మీ చిన్నసంచి తడుస్తది. మా పోరి మెడల ఏస్తే మీదికుంటది."

సార్ కిందికి చూశాడు. నీళ్లు సంచి అంచుదాకా వచ్చాయి. చప్పున జాకెట్టు విప్పాడు, సంచిని సహస్ర మెడలో వేశాడు, నీటిబొట్టు తగలకుండా పైనుంచి జాకెట్టు తొడిగి బెల్టులన్నీ తనే బిగించాడు. ప్రవళిక ఒక బెల్టు లాగి చూసింది. ఇంకాస్త బిగించమంది. ఆయన బిగించాడు. గొడుగు సహస్ర నెత్తి మీదికి జరిగింది. సార్ చెయ్యి పిల్ల జాకెట్టు పట్టీని గట్టుదాకా వదల్లేదు. ఆయనే జలపతి వైపు తిరిగి, "నెమ్మదిగా పోనీయవయ్యా" అన్నాడు.

రెండు వానకాలాల నుంచి ప్రవళిక బతిమాలుతున్న మాట అదే. జలపతి ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాడు. ఈసారి పడవ నిజంగానే నెమ్మదిగా పోయింది!

ప్రవళిక హాయిగా ఊపిరి పీల్చుకుంది. వెంటనే మిగతా నలుగురు పిల్లల వైపు చూసింది. సార్ దగ్గర ఇంకో నాలుగు సంచులు ఉంటే బాగుండేది.

గట్టు రాగానే సార్ సహస్రను రెండు చేతులతో ఎత్తి, పొడినేల చూసి దించాడు. జాకెట్టు విప్పాడు. సంచి తీసుకుని ఆ మూలా ఈ మూలా తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. తేలికగా నవ్వి సంచిని భుజానికి తగిలించుకున్నాడు. సహస్రను అక్కడే మర్చిపోయాడు. పిల్లలు ఐదుగురూ బడివైపు ఉరికారు.

చెట్టునీడలో రొట్టెలు, కూర అయ్యాయి. కూర అద్భుతంగా ఉందమ్మా, నీకేమైనా కావాలంటే మొహమాటం లేకుండా అడుగు అన్నాడు సార్. అజయ్ ఆమెకు కళ్లతో సైగ చేశాడు, పెద్దగా అడగమని.

ప్రవళిక చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"మీ తాన పాతది కెమెరా ఏదన్న ఉంటే ఇచ్చిపోండ్రి సారూ."

సార్ మురిసిపోయాడు. పల్లెటూరి ఆడమనిషికి ఫోటోగ్రఫీ మీద ఇంత ఇష్టమా అని అజయ్ వైపు గర్వంగా చూశాడు. కొంచెం పాతదైనా మంచిగా పనిచేసేదే పంపుతానని మాటిచ్చాడు.

"పని చెయ్యకున్న మంచిదే" అంది ప్రవళిక. "సోమవారం మీరుండరు గద. బడికి పోయేటప్పుడు బిడ్డ మెడల ఏస్త."